బియారిట్స్ దగ్గర మోటార్‌హోమ్‌కి రాత్రి బస: ఆగస్టు నడిమధ్యలో ఎక్కడ దొరుకుతుంది?

తులూజ్_బాచీ
ఫ్రాన్స్ నైరుతి మూల సముద్ర తీరాన ఉన్న బియారిట్స్ చుట్టుపక్కల క్యాంప్‌సైట్లకి వరసపెట్టి ఫోన్ చేశా. ఆగస్టు 10 నుంచి 16 దాకా ఎక్కడా ఖాళీ లేదు. ఒకచోట ఉంది గానీ వారానికి తక్కువైతే ఇవ్వరట. తులూజ్‌లో మోటార్‌హోమ్, అంటే లోపలే పడక, పొయ్యి, టాయిలెట్ ఉండే బండి అద్దెకు తీసుకుంటున్నాం: పొడవు 6.99 మీటర్లు, ఎత్తు 2.95, బరువు 3.5 టన్నుల లోపు. పెద్దవాళ్లం ఇద్దరం, పిల్లలు ఇద్దరు. బీచ్, మార్కెట్, సాయంత్రం సందడి నడిచిపోయే దూరంలో ఉండాలి, రాత్రి మాత్రం ఎవరూ తలుపు తట్టకూడదు. మోటార్‌హోమ్‌వాళ్లు రాసుకునే యాప్‌లో ఒకే బీచ్ పార్కింగ్ గురించి ఒకరు స్వర్గం అని రాస్తే, ఆ కిందే ఇంకొకరు రాత్రి రెండింటికి పోలీసులు లేపారని రాశారు. ఎవర్ని నమ్మాలి?

డీజిల్_సుబ్బు
ఇద్దర్నీ నమ్ము. రాసిన నెల చూడు చాలు. స్వర్గం అన్నవాడు నవంబర్‌లో వెళ్లుంటాడు.

గోదారి_చక్రాలు
ముందు ఒక తేడా తెలియాలి, లేకపోతే ఏ యాప్ చూసినా అయోమయమే. ఫ్రాన్స్‌లో పార్కింగ్ వేరు, క్యాంపింగ్ వేరు. బండి నాలుగు చక్రాల మీద నిలబడి, బయట ఏమీ లేకపోతే అది పార్కింగ్. మోటార్‌హోమ్ అయినా కారుతో సమానమే. గుడారపు పందిరి లాగినా, కుర్చీలు, టేబుల్ బయట వేసినా అది క్యాంపింగ్ కింద లెక్క, సముద్ర తీరాన అది చట్టప్రకారమే నిషేధం. దీనికి తోడు మేయర్ ఆర్డర్లు ఉంటాయి. తీరం ఊళ్లలో చాలా చోట్ల మోటార్‌హోమ్‌లు రాత్రి ఆపకూడదని బోర్డు పెడతారు, లేదా ఎంట్రీ దగ్గరే 2 మీటర్ల ఎత్తులో ఇనప బార్ అడ్డం కడతారు. నీ బండి 2.95. బార్ చూడకుండా లోపలికి తిప్పావా, డిపాజిట్‌కి నమస్కారం పెట్టుకోవాల్సిందే.

కాబట్టి వెతకాల్సింది బీచ్ పార్కింగ్ కాదు, "ఏర్". మునిసిపాలిటీ మోటార్‌హోమ్‌ల కోసమే కేటాయించిన స్థలం. బియారిట్స్‌లో అది ఊరికి దక్షిణాన, బిదార్ వైపు వెళ్లే దారిలో, మిలాడీ బీచ్ దగ్గర ఉంది. ఏ63 హైవే మీద 4వ ఎగ్జిట్ లా నెగ్రెస్ దగ్గర దిగితే ఊరి మధ్యలోకి వెళ్లే పని లేకుండా చేరొచ్చు. బీచ్‌కి నడక, సెంటర్‌కి బస్సు. ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాడిదే చోటు.

ఓరుగల్లు_పోరడు
గా మిలాడీ కాడ ఆగస్టుల పొద్దుగాల 10కి పోతెనే జాగ దొరుకుతది. మధ్యాహ్నం 2 కొట్టినంక పోతే "కొంప్లే" (నిండింది) బోర్డు జూసుకొని వాపస్ వచ్చుడే. తులూజ్‌ల పొద్దుగాల బండి తీసుకొని, కాయితాలు నింపి, సామాన్ ఎక్కించి, 300 కిలోమీటర్లు నడిపితే సాయంత్రం 5 అయితది. మొదటి రాత్రి మిలాడీ అనుకోకు అన్నా.

తులూజ్_బాచీ
@ఓరుగల్లు_పోరడు నిజమే, బండి ఇచ్చేదే మధ్యాహ్నం 2కట. మరి మొదటి రాత్రి ఎక్కడ?

ఓరుగల్లు_పోరడు
తీరం దాకా రాకు. ఏ64 హైవే మీద "పో" అనే ఊరు దగ్గర్నో, ఓర్తెజ్ దగ్గర్నో దిగి లోపలి ఊళ్లల్ల పడుకో. పొద్దుగాల 7కి లేసి బయలెల్లు, 9.30కి మిలాడీ కాడ ఉంటవు. రాత్రి ఉన్నోళ్లు 9 నుంచి 11 నడుమ ఖాళీ జేస్తరు, జాగలు దొరికేది గప్పుడే.

నీలవేణి_లీడ్స్
లోపలి ఊళ్లలో అయితే ఫ్రాన్స్ పాషన్ కూడా చూడండి. ఏడాది సభ్యత్వం తీసుకుంటే రైతులు, వైన్ చేసేవాళ్లు, జున్ను చేసేవాళ్ల దగ్గర 24 గంటల దాకా ఉచితంగా ఆపుకోవచ్చు. నీళ్లు, కరెంటు ఆశించకూడదు. బండిలో టాయిలెట్, మురుగు ట్యాంకు ఉండాలి. కొనాలన్న బలవంతం లేదు. దిగగానే పలకరించి, వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లడం మర్యాద. బాస్క్ కొండల వైపు గొర్రెపాల జున్ను చేసేవాళ్లు ఎక్కువ.

డీజిల్_సుబ్బు
ఇన్ని తిప్పలెందుకు, హైవే పక్కన రెస్ట్ ఏరియాలో పడుకుంటే పోలా? టాయిలెట్ కూడా ఉంటుంది.

గోదారి_చక్రాలు
@డీజిల్_సుబ్బు వద్దు. దొంగతనాలకి పేరు పడ్డవే హైవే రెస్ట్ ఏరియాలు, అందులో స్పెయిన్ బోర్డర్ వైపు వెళ్లే ఏ63 మీద మరీనూ. కారణం సింపుల్: ఎవరు ఎక్కడివాళ్లో ఎవరికీ తెలియదు, ఐదు నిమిషాల్లో హైవే ఎక్కి మాయమైపోవచ్చు. కాఫీకి ఆగు, నిద్రకి కాదు. కాఫీకి ఆగినా ఒకరు బండిలోనే ఉండాలి.

డీజిల్_సుబ్బు
సరే సరే, మా బండిలో ఎత్తుకెళ్లడానికి ఆవకాయ తప్ప ఏముంది.

డచ్_దోసె
ఆవకాయ పోతే అసలు నష్టం అదే కదా.

బాచీ గారూ, మిలాడీ ఒక్కదాని మీదే ఆరు రోజుల ప్లాన్ కట్టకండి. అక్కడ ఉండే రోజులకి పరిమితి ఉంటుంది, గేటు దగ్గర బోర్డు చదవాలి. తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి ఇలా:

కాప్‌బ్రెతోన్: ఇసుక దిబ్బ వెనకే పెద్ద ఏర్. దిబ్బ ఎక్కి దిగితే సముద్రం. ఆ వరసలో చోటు దొరికే అవకాశం ఎక్కువున్నది ఇదే, బియారిట్స్‌కి మాత్రం దూరం. గాలి వీస్తే ఇసుక బండిలోకి వస్తుంది. సముద్రం వైపు కిటికీలు మూసి ఉంచాలి.

ఆంగ్లే: బియారిట్స్‌ని ఆనుకునే ఉంటుంది. పొడుగ్గా సర్ఫింగ్ బీచ్‌లు. మిలాడీ నిండితే జనం నేరుగా ఇక్కడికే వస్తారు, కాబట్టి మిలాడీ నిండిన గంటకి ఇదీ నిండుతుంది.

సెయిన్ జాన్ ద లూజ్: రైల్వే స్టేషన్ పక్కనే చిన్న ఏర్. ఒకవైపు రోడ్డు, ఇంకోవైపు పట్టాలు. చెవుల్లో దూది పెట్టుకోవాలి. ఊరు, చేపల రేవు, అర్ధచంద్రాకారపు బీచ్ మాత్రం పది నిమిషాల నడక. అలలను ఆపే గోడలున్న అఖాతం కాబట్టి పిల్లలకి ఇక్కడి నీళ్లే మంచివి.

అందై: స్పెయిన్ అంచు. దాదాపు 3 కిలోమీటర్ల బీచ్, లోతు మెల్లగా పెరుగుతుంది. ఏర్ ద జుమో అనే చిన్న స్టేషన్ దగ్గర.

ఓరుగల్లు_పోరడు
@డచ్_దోసె సెయిన్ జాన్ నుంచి రైలుల బియారిట్స్ పోవచ్చు గానీ ఒక మెలిక ఉంది. బియారిట్స్ స్టేషన్ ఊరి నడుమ ఉండదు, లా నెగ్రెస్ కాడ ఉంటది. ఆడికెల్లి సెంటర్‌కు 3 కిలోమీటర్లు, మళ్ల బస్సు ఎక్కాలె. రైలు దిగంగనే సముద్రం కనవడతదనుకుంటే లేదు.

నీలవేణి_లీడ్స్
బస్సులన్నీ త్చిక్ త్చాక్ అనే ఒకే నెట్‌వర్క్ కిందకి వస్తాయి. బయోన్, ఆంగ్లే, బియారిట్స్‌లని కలిపే టీ1 ట్రామ్‌బస్ బియారిట్స్ మేరీ, అంటే టౌన్‌హాల్ దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి గ్రాండ్ ప్లాజ్ అనే పెద్ద బీచ్ నాలుగడుగులు. 7 మీటర్ల బండిని సెంటర్‌లోకి తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. సందులు ఇరుకు, పైగా ఎత్తుపల్లాలు.

తులూజ్_బాచీ
ఒకవేళ స్పెయిన్ వైపు సాన్ సెబాస్టియన్ వెళ్లి పడుకుంటే? అక్కడ బెరియోలో ఏర్ ఉందని చూశా.

గోదారి_చక్రాలు
ఏర్ ఉంది, తేదీలే కుదరవు. ఆగస్టు 15 ఉన్న వారంలోనే అక్కడ పెద్ద జాతర, సెమానా గ్రాందే. రాత్రి రాత్రి బాణసంచా పోటీలు. ఊరికి ఊరే నిండిపోతుంది. చూడాలనుంటే బండి అందైలోనే వదిలేసి, అందై మెయిన్ స్టేషన్ పక్క నుంచి బయల్దేరే "టోపో" రైలెక్కండి. అరగంటకొకటి, ముప్పావుగంట లోపే సాన్ సెబాస్టియన్. బండి ఆపే ద జుమో స్టేషనూ ఈ మెయిన్ స్టేషనూ ఒకటి కాదు, జాగ్రత్త.

15 సెలవు రోజు కూడా. ఆనవాయితీగా బియారిట్స్‌లో ఆ రాత్రి బాణసంచా. 14 పొద్దున దొరికిన చోటు నుంచి 16 దాకా కదలొద్దు. నీళ్లు అయిపోయాయని చక్రం కదిపావా, తిరిగొచ్చేసరికి ఆ చోట్లో ఇంకొకడి పందిరి, అదే, పందిరి లేని బండి ఉంటుంది.

డీజిల్_సుబ్బు
అంటే 48 గంటలు నీళ్లు సరిపెట్టుకోవాలి. నలుగురికి సాధ్యమేనా?

నీలవేణి_లీడ్స్
సాధ్యమే. మామూలుగా మంచినీళ్ల ట్యాంకు 100 నుంచి 120 లీటర్లు, మురుగునీళ్లది 90-100. ఒక్కో స్నానానికి 10 లీటర్లు దాటకూడదు: తడుపుకోవడం, కట్టేయడం, సబ్బు, మళ్లీ తెరవడం. బీచ్ దగ్గర షవర్లు ఉంటే ఇసుక అక్కడే కడిగేసుకుని రావాలి. లేకపోతే షవర్ జాలీ ఇసుకతో పూడుకుపోతుంది, దాన్ని తీయడం పెద్ద తలనొప్పి.

ముందు నిండేది నిజానికి టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండే, బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా. అది 17-18 లీటర్లే. నలుగురు వాడితే రోజున్నర, మహా అయితే రెండు రోజులు. ఎర్ర లైటు వెలిగాక ఇంకొక్కసారి అనుకోకూడదు. పొంగితే అది బండి లోపలికే వస్తుంది. పగలు బీచ్ టాయిలెట్లు, కెఫే టాయిలెట్లు వాడుకుంటే రెండు రోజులు హాయిగా గడుస్తాయి.

తులూజ్_బాచీ
క్యాసెట్ ఖాళీ చేయడం వీడియోలో చూశాను గానీ ఇంకా భయంగానే ఉంది.

నీలవేణి_లీడ్స్
వరస గుర్తుంచుకుంటే చాలు. లోపల బ్లేడ్ (టాయిలెట్ గిన్నెకీ క్యాసెట్‌కీ మధ్య జారే మూత) మూసి ఉందో లేదో చూడాలి, తెరిచి ఉంటే బయటి నుంచి క్యాసెట్ రాదు, బలవంతంగా లాగితే రబ్బరు సీలు చిరుగుతుంది. బయట చిన్న తలుపు తీసి, గొళ్లెం ఎత్తి లాగాలి. నాజిల్ బయటికి తిప్పి మూత తీయాలి. వంచేటప్పుడు బొటనవేలితో గాలి బటన్ నొక్కి పట్టుకోవాలి. అది నొక్కకపోతేనే గుడగుడమని బట్టల మీద చిందేది. తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి ఊపి మళ్లీ పారబోయాలి, టాయిలెట్ మందు వేసి, అరలీటరు నీళ్లు పోసి లోపలికి తోయాలి.

అక్కడ రెండు కుళాయిలుంటాయి. క్యాసెట్ కడిగే కుళాయి మీద "నోన్ పొటాబ్ల్", అంటే తాగే నీళ్లు కాదు అని రాసి ఉంటుంది. ట్యాంకు పైపు దానికి తగిలించొద్దు. రెండో కుళాయిని కూడా గుడ్డిగా నమ్మకుండా, ముందు పది సెకన్లు నీళ్లు వదిలేసి అప్పుడు పైపు పెట్టండి. మనకంటే ముందొచ్చినవాడు దాంతో ఏం కడిగాడో ఎవడికి తెలుసు.

డీజిల్_సుబ్బు
పొద్దున్నే టిఫిన్ తింటూ చదివాను ఇది.

డచ్_దోసె
మిషన్ల గురించి ఒక మాట. కొన్ని ఏర్‌లలో సర్వీస్ మిషన్ కార్డుతో పనిచేస్తుంది, కొన్నింట్లో జెతోన్ అనే బిళ్ల కావాలి. బిళ్లలు టూరిస్ట్ ఆఫీసులోనో, పక్కనున్న బేకరీలోనో అమ్ముతారు. ఆదివారం మధ్యాహ్నం ఆ రెండూ మూసి ఉంటాయి. ఒక బిళ్లకి మామూలుగా 100 లీటర్ల వరకు నీళ్లు, లేదా గంట కరెంటు వస్తుంది. టైమర్ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి పైపు ముందే తగిలించి అప్పుడు బిళ్ల వేయండి.

దారిలో సూపర్ యూ, లెక్లెర్, ఇంటర్‌మార్షే షాపుల్లో కొన్నిటికి పార్కింగ్‌లోనే మోటార్‌హోమ్ సర్వీస్ పాయింట్, బట్టలుతికే మిషన్లు ఉంటాయి. డీజిల్, కూరగాయలు, నీళ్లు, ఉతుకు ఒకే ఆగుడులో అయిపోతాయి. పెట్రోల్ బంకు పైకప్పు ఎత్తు మాత్రం చూసుకోండి.

క్యాంపింగ్‌కార్ పార్క్ అనే ఏర్‌ల నెట్‌వర్క్ కార్డు ఒకసారి కొంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఖాళీలు యాప్‌లో అప్పటికప్పుడు కనిపిస్తాయి. లెక్క గేటు దాటిన నిమిషం నుంచి 24 గంటలు. సాయంత్రం 6కి వెళ్తే మర్నాడు సాయంత్రం 6 దాకా మీదే.

తులూజ్_బాచీ
రైస్ కుక్కర్ పట్టుకెళ్లొచ్చా? మా ఆవిడ అడగమంది. అడగమంది కాదు, పట్టుకెళ్తున్నాం అంది.

డచ్_దోసె
లెక్క చూసుకోండి. ఫ్రాన్స్‌లో చాలా చోట్ల కరెంటు 6 ఆంపియర్లు. 6 ఇంటూ 230 అంటే 1380 వాట్లు, అంతే. మామూలు రైస్ కుక్కర్ 700 వాట్లు, సరిపోతుంది. అదే సమయంలో వేడినీళ్ల బాయిలర్ ఎలక్ట్రిక్ మీద ఉంటే 900, కలిపి 1600, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే 2000 వాట్లు, అది ఇంట్లో వదిలేయండి. ఎగిరిన ఫ్యూజు పెట్టె చాలా చోట్ల తాళంలో ఉంటుంది, రాత్రి 9 దాటితే తాళం తీసేవాడు ఉండడు. పక్క బండివాడి కరెంటు కూడా మీతో పాటే పోతే ఇక చూపులతోనే చంపేస్తాడు. అన్నం వండేటప్పుడు బాయిలర్, ఫ్రిజ్ రెండూ గ్యాస్‌కి మార్చండి.

కరెంటు లేని ఏర్‌లో కుక్కర్ పనికిరాదు. 3 లీటర్ల ప్రెషర్ కుక్కర్ బండిలోని గ్యాస్ పొయ్యి మీద చక్కగా కూర్చుంటుంది, కాకపోతే రెండో బర్నర్ మీద ఇంకో గిన్నె పట్టదు. విజిల్ ఆవిరి నేరుగా పై అలమారకి తగులుతుంది. అది చెక్క కాదు, పల్చటి అట్టలాంటి ప్లై, ఉబ్బితే డిపాజిట్‌లో కోత. పైకప్పు కిటికీ తెరిచి, విజిల్ వచ్చేలోపు మంట తగ్గించండి.

ఓరుగల్లు_పోరడు
పోపు నూనె, పప్పు కడిగిన నీళ్లు సింక్‌ల పోయకుర్రి. మురుగు ట్యాంకు ఎండకు రెండు రోజులు కాగినంక వచ్చే వాసనకు పందిరి ఏసినా ఏయకున్నా జనం దూరం జరుగుతరు. గిన్నెలు ముందు టిష్యూతోని తుడిచి గప్పుడు కడుగుర్రి. పసుపు మరక ప్లాస్టిక్ సింక్‌కు పట్టిందంటే పోదు.

డీజిల్_సుబ్బు
కారం అయిపోతే అక్కడే ఎస్పెలెట్ అనే బాస్క్ ఊరి మిరప దొరుకుతుందిగా. ఇళ్ల గోడల నిండా ఎర్రటి దండలు కట్టి ఆరబెడతారు, చూస్తే గుంటూరు మిర్చియార్డే.

నీలవేణి_లీడ్స్
చూపుకే గుంటూరు. నోట్లో వేసుకుంటే పొగవాసన, కాస్త తీపి, కారం ఎక్కడో దూరంగా. ఆమ్లెట్ మీదకి బాగుంటుంది, పులుసులోకి కాదు. పైగా ఆ దండలు ఆగస్టులో అంతగా కనిపించవు, కోత ఆగస్టు చివర్లో మొదలై శరదృతువు దాకా సాగుతుంది.

గోదారి_చక్రాలు
బియ్యం బస్తా ఎక్కించే ముందు బరువు లెక్క కట్టు బాచీ. 3.5 టన్నులు దాటితే బీ లైసెన్సు (మామూలు కారు లైసెన్సు) చెల్లదు. కుటుంబం బండ్లలో మనుషులతో కలిపి మిగిలే మోత చాలా తక్కువ. 120 లీటర్ల నీళ్లంటే 120 కిలోలు. ప్రయాణంలో 20-30 లీటర్లు చాలు, ఏర్ చేరాక నింపుకో. బరువైన సామాను వెనక గ్యారేజీలో కుక్కొద్దు, వెనక ఇరుసు మీద భారం పెరిగి ముందు చక్రాలు తేలికైపోతాయి, తడి గడ్డిలో ఆగితే చక్రం తిరుగుతుందే తప్ప బండి కదలదు.

టోల్ దగ్గర: 2 నుంచి 3 మీటర్ల మధ్య ఎత్తుంటే రెండో క్లాసు. నీది 2.95, అయితే పైన ఏసీ డబ్బా, డిష్ ఉంటే 3 దాటి మూడో క్లాసు పడొచ్చు. బండి తీసుకునేటప్పుడే కాగితంలో ఎత్తు చూడు. "2 మీ" అని రాసున్న లేన్లలోకి పోకు.

డచ్_దోసె
గ్యాస్ కూడా: బండితో వచ్చిన సిలిండర్ ఏ దేశానిదో అడగండి. జర్మన్ సిలిండర్ ఫ్రాన్స్‌లో మార్చి ఇవ్వరు.

ఓరుగల్లు_పోరడు
కాప్‌బ్రెతోన్ దిక్కు పోతే ఒక్క మాట. గా ల్యాండ్స్ (కాప్‌బ్రెతోన్ ఉన్న జిల్లా) బీచ్‌ల మీద "బేన్" అని ఇసుకల గుంతలు ఏర్పడతయి. పైకి చెరువు లెక్క నెమ్మదిగ కనవడతది, పోరలు గాడికే ఉరుకుతరు. నీళ్లు సముద్రంలకు తిరిగి పోయేటప్పుడు గుంత నుంచి గుంజుకపోతది. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల నడుమనే దిగుర్రి. గుంజితే ఎదురు ఈదొద్దు, తేలుకుంట చెయ్యెత్తాలె.

తులూజ్_బాచీ
సరే, ఇలా మార్చా. 10 రాత్రి ఓర్తెజ్ వైపు లోపలి ఊరు. 11 పొద్దున 9.30కి మిలాడీ, రెండు రాత్రులు. 13 పొద్దున సెయిన్ జాన్, దొరక్కపోతే అందై. 16 పొద్దున తిరుగు ప్రయాణం. సాన్ సెబాస్టియన్ టోపోలో ఒక పూట.

గోదారి_చక్రాలు
బాగుంది. ఒక్క మార్పు. 13న ముందే అందైకి వెళ్లు. సెయిన్ జాన్‌లో చోట్లు తక్కువ, అది చూసుకుని అందై చేరేసరికి 11.30 దాటుతుంది, అప్పటికి అదీ నిండుతుంది. సెయిన్ జాన్‌కి అందై నుంచి రైల్లో రా.

ఓరుగల్లు_పోరడు
16 ఆగస్టు వాపస్ రోడ్డు ఎట్లుంటదో ఒక రోజు ముందే బిజోన్ ఫ్యూతే చూడు. సర్కారోళ్ల ట్రాఫిక్ సైటు. పచ్చ, నారింజ, ఎరుపు, నలుపు అని రంగులిస్తరు. నలుపు పడితే పొద్దుగాల 6 కంటే ముందే ఎల్లాలె.

తులూజ్_బాచీ
బండి తిరిగి ఇచ్చేటప్పుడు క్యాసెట్ ఖాళీ లేకపోతే విడిగా చార్జీ అని కాగితంలో ఉంది.

నీలవేణి_లీడ్స్
మురుగు ట్యాంకు కూడా. రెండూ 16 పొద్దున అందై ఏర్‌లోనే ఖాళీ చేసి బయల్దేరండి. తులూజ్ దగ్గరికొచ్చాక వెతుక్కుంటే దొరకదు.

డీజిల్_సుబ్బు
గాలి బటన్ నొక్కడం మర్చిపోకు.